సైకిల్ తొక్కేటప్పుడు ఎలాంటి కళ్లద్దాలు పెట్టుకోవాలి?

అద్దం ఎంత నల్లగా ఉందని కాదు, యూవీ 400 అని ఉందా లేదా చూడండి. 400 నానోమీటర్ల వరకు అతినీలలోహిత కిరణాలను ఆపుతుందని దానర్థం. ఆ రక్షణ లేని నల్లద్దం ఇంకా చేటు: చీకటికి కంటిపాప విచ్చుకుని ఆ కిరణాలు మరింత లోపలికి పోతాయి.

లెన్స్ పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌దే కావాలి. లారీ టైరు కింది నుంచి కంకర ఎగిరి తగిలినా గాజులా పెంకులై కంట్లో గుచ్చుకోదు. గీతలు మాత్రం తొందరగా పడతాయి. దుమ్ముతో ఉన్నప్పుడు చొక్కా అంచుతో తుడవకండి, ముందు నీళ్లతో కడగండి.

మండుటెండకు కేటగిరీ 3 నల్లద్దం (8–18 శాతం వెలుతురునే లోపలికి వదిలేది) సరిపోతుంది. తెల్లవారుజామున అదే పెట్టుకుంటే గుంతలు కనబడవు. అప్పుడూ, పురుగులు ముసిరే సాయంత్రాలూ రంగులేని లెన్సే మేలు. కాబట్టి లెన్సులు మార్చుకునే ఫ్రేమ్ కొంటే డబ్బు వృథా కాదు. పోలరైజ్డ్ లెన్స్ (నేల మీంచి కొట్టే మెరుపును తగ్గించేది) రోడ్డు సైకిలుకు అంత అవసరం లేదనే అంటాను: తడిని, నూనె మరకను పట్టించే మెరుపునే అది తగ్గించేస్తుంది, కొన్ని కోణాల్లో మీటరు తెర కూడా నల్లబడుతుంది.

కొనేటప్పుడు హెల్మెట్ తీసుకెళ్లి పెట్టుకు చూడండి. కాడలు హెల్మెట్ పట్టీకి తగిలితే గంటలోపే చెవుల పైన నొప్పి మొదలవుతుంది. లెన్స్ చెంపలకు అతుక్కుపోతే గాలాడక సిగ్నల్ దగ్గర ఆగగానే ఆవిరి పడుతుంది.