ఎనిమిదేళ్ళ ఎండీ-పీహెచ్‌డీలో చేరనా? నాన్న వద్దంటున్నారు

ఉత్తరం: నాకు 22 ఏళ్ళు. చిన్నప్పుడే అమెరికా వచ్చేశాం, గ్రీన్‌కార్డ్ ఉంది. ఈ మేలో నా డిగ్రీ అయిపోతుంది. రెండు మెడికల్ స్కూళ్ళలో సీటు వచ్చింది. ఒకటి మామూలు నాలుగేళ్ళ ఎండీ, అంటే ఇక్కడ డాక్టరవడానికి చదివే డిగ్రీ. రెండోది ఎండీ-పీహెచ్‌డీ, డాక్టరు చదువూ రీసెర్చ్ డిగ్రీ రెండూ కలిపి దాదాపు ఎనిమిదేళ్ళు, ఫీజు ఉండదు, స్టైపెండ్ ఇస్తారు. "ముప్పై ఏళ్ళు వచ్చేదాకా చదువేనా? పెళ్ళెప్పుడు? డాక్టరయ్యాక రీసెర్చ్ చేసుకోకూడదా?" అంటున్నారు నాన్న. "ఫీజు లేదు కదా, చేరిపో" అంటోంది అమ్మ. ఏప్రిల్ 30 లోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.

జవాబు:

అమ్మా, నీ ఉత్తరాన్ని పైన కుదించి ఇచ్చాను గానీ, అందులో ల్యాబ్ గురించి నువ్వు రాసిన పేరా ఒకటుంది, నా జవాబంతా దాన్ని బట్టే. యాంటీబాడీ (ఫలానా కణాల్ని గుర్తుపట్టి అంటుకునే ప్రోటీన్) అంటుకోకూడని కణాలకు కూడా అంటుకుంటోందని, తప్పెక్కడ జరుగుతోందో తెలియక నెలన్నర తిప్పలు పడ్డావని, చివరికి ఆ కణాల మీదుండే రిసెప్టర్లే యాంటీబాడీ తోకను పట్టుకుంటున్నాయని తేలిందని, ఆ రిసెప్టర్లని ముందే మూసేసే బ్లాకింగ్ స్టెప్ ఒకటి కలపగానే అంతా సర్దుకుందని రాశావు. ఆ నెలన్నర గురించి నీ మాటల్లో ఎక్కడా విసుగు లేదు. ఫ్రెండ్స్‌తో బయటికెళ్ళినా బుర్రంతా దాని మీదే ఉండేదన్నావు. ఈ చదువుకి కావలసిన అసలు గుణం అదే, మార్కులూ పేపర్లూ దాని తర్వాతే. పీహెచ్‌డీలో గడిచే నాలుగేళ్ళలో ఎక్కువ రోజులు అలాంటివే మరి. ల్యాబ్‌లో పెంచే కణాల కల్చర్‌లో ఫంగస్ పడి వారాల తరబడి చేసిన పని పారబోయాల్సి వస్తుంది, నువ్వు తవ్వుతున్న విషయాన్నే ఇంకో ల్యాబ్ వాళ్ళు ముందే అచ్చేసుకుంటారు. ఆ మర్నాడు పొద్దున్నే మళ్ళీ ల్యాబ్‌కి వెళ్ళబుద్ధయ్యేవాళ్ళు చెయ్యాల్సిన చదువిది.

ఇక అమ్మ మాట. ఫీజు లేదనే కారణంతో మాత్రం చేరకు. దాన్ని లెక్కేసి చూసుకుందాం, ఎందుకంటే చాలా ఇళ్ళలో ఈ ఒక్క ముక్క దగ్గరే నిర్ణయం అయిపోతోంది. అప్పు చేసి మెడిసిన్ చదివినవాళ్ళ నెత్తిన చివరికి ఉండేది సుమారు రెండు లక్షల డాలర్లు. అది పెద్ద మొత్తమే, కాదనను. కానీ అక్కడ డాక్టరు పూర్తి ఉద్యోగంలో చేరాక తక్కువ జీతమొచ్చే స్పెషాలిటీల్లో కూడా మామూలుగా ఏడాదికి రెండు లక్షలు దాటుతుంది. ల్యాబ్‌లో గడిపే నాలుగేళ్ళంటే అలాంటి జీతం నాలుగేళ్ళు వెనక్కి జరిగినట్టు. పన్నులు తీసేసినా, స్టైపెండ్ కలుపుకున్నా, డబ్బు ఒక్కటే చూస్తే ఎండీ చేసినవాళ్ళే ముందుంటారు. పైగా పూర్తయ్యాక రీసెర్చ్ వైపే ఉంటే మామూలు ప్రాక్టీసు కన్నా జీతం తక్కువే ఉంటుంది, రీసెర్చ్‌కి డబ్బిచ్చే గ్రాంటుకి అప్లై చేసినవాళ్ళలో ఎక్కువమందికి అది రాదు కూడా. ఫీజు మినహాయింపు ఉన్నది ఇష్టమున్నవాళ్ళు అప్పుకి భయపడి ఆగిపోకూడదని. ఇష్టాన్ని అది తెచ్చిపెట్టదు. (గ్రీన్‌కార్డ్ ఉందన్నావు కాబట్టి నీకో చిక్కు తప్పింది. ఈ కోర్సులకి అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే ట్రైనింగ్ నిధులు సిటిజన్లకీ గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళకే. వీసా మీదున్న పిల్లల్ని తీసుకునే స్కూళ్ళు చాలా తక్కువ. ఇది చదువుతున్న తల్లిదండ్రులు ఎవరైనా ఆ పరిస్థితిలో ఉంటే అప్లై చేసేముందే కనుక్కోండి.)

నాన్నగారి మాటల్లో నిజముంది, దాన్ని తీసిపారేయకు. డాక్టరయ్యాక రీసెర్చ్ చెయ్యొచ్చు, గొప్పగా చెయ్యొచ్చు. కొలెస్ట్రాల్ మీద పనిచేసి 1985లో నోబెల్ అందుకున్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్ ఇద్దరూ ఎండీలే, పీహెచ్‌డీ లేదు. శరీరంలోని కణాలు ఆక్సిజన్ తగ్గడాన్ని ఎలా పసిగడతాయో తేల్చినందుకు 2019లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో సెమెంజాది ఎండీ-పీహెచ్‌డీ, కేలిన్‌ది ఎండీ మాత్రమే. అంతదాకా ఎందుకు, మన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ చేరి, 1930లో అక్కడ పీహెచ్‌డీ తీసుకున్నారు, మొదట వైద్యం, తర్వాతే రీసెర్చ్. కాబట్టి దారి ఒక్కటే ఉందని నీకెవరైనా చెబితే నమ్మకు.

కానీ "తర్వాత చేసుకోవచ్చు" అనేదాంట్లో ఒక ఇబ్బంది ఉంది. ఎండీ తర్వాత ఆస్పత్రిలో చేసే శిక్షణ, అంటే రెసిడెన్సీ, అయ్యేసరికి ముప్పై దగ్గర పడతాయి, అప్పు కట్టాలి, అప్పటికి సంసారం కూడా ఉండొచ్చు, పక్క ఆస్పత్రి వాళ్ళు మంచి జీతంతో పిలుస్తుంటారు. ఆ సమయంలో తక్కువ జీతానికి ల్యాబ్ బెంచ్ దగ్గర కూర్చుని పైపెట్ పట్టుకోవడం మొదటి నుంచి నేర్చుకోవాలంటే చాలా గట్టి మనసు కావాలి. చేసేవాళ్ళు చేస్తారు. మానేసేవాళ్ళు అంతకన్నా ఎక్కువ.

నువ్వు తెలుసుకోవాల్సిన కష్టాలు ఇంకో రెండున్నాయి. మొదటిది, ముప్పై అన్నది నాన్నగారు తగ్గించి చెప్పిన లెక్క. ముప్పైకి డిగ్రీలు చేతికొస్తాయి. ఆ తర్వాత రెసిడెన్సీ, దాని మీద ఒక స్పెషాలిటీలో శిక్షణ, అంటే ఫెలోషిప్. ఇంటర్నల్ మెడిసిన్‌లో (మన జనరల్ మెడిసిన్) రీసెర్చ్ దారి పట్టినవాళ్ళకి రెసిడెన్సీ మూడేళ్ళ బదులు రెండేళ్ళతో సరిపెడతారు గానీ, ఆపైన రీసెర్చ్‌కి మూడేళ్ళు పెట్టాలి. మొత్తం మీద నీ సొంత ల్యాబ్, సొంత ఉద్యోగం అనేసరికి 36, 37 అనుకో. రెండోది, మామూలుగా రెండేళ్ళు మెడిసిన్ చదివాక ల్యాబ్‌కి వెళ్తారు, నాలుగేళ్ళ తర్వాత వార్డుకి తిరిగొస్తారు. అప్పటికి నీతో మొదటి ఏడాది పక్కన కూర్చున్న పిల్ల రెసిడెంటుగా నీకు పని పురమాయిస్తూ ఉండొచ్చు. నువ్వేమో స్టెతస్కోపు పెట్టి వింటున్నది మర్మరో (గుండె చప్పుడులో తేడా) కాదో తేల్చుకోలేక నిలబడి ఉంటావు. కొన్ని నెలల్లో అది సర్దుకుంటుంది, కానీ ఆ నెలలు గడవడం చాలామందికి నిజంగా బాధగా ఉంటుంది. అందుకే ల్యాబ్‌లో ఉన్న ఏళ్ళలో కూడా వారానికి ఒక పూటైనా క్లినిక్‌కి వెళ్ళే ఏర్పాటు ఆ స్కూల్లో ఉందేమో అడుగు.

నా మాట అడిగావు కాబట్టి సూటిగా చెప్తున్నా, నువ్వు రాసినదాన్ని బట్టి చూస్తే ఎండీ-పీహెచ్‌డీ వైపే నా మొగ్గు. అయితే ఒక్క ప్రశ్నకి నిజాయితీగా సమాధానం చెప్పుకో. ఆ కోర్సుకీ ఫీజు ఉండి, రెండు డిగ్రీలున్నాయని ఎవరూ గుర్తించరని తెలిసినా, వారంలో ఎక్కువ రోజులు ల్యాబ్‌లోనూ ఒకటి రెండు రోజులు పేషెంట్లతోనూ గడిపే జీవితమే కావాలంటావా? అవునంటే చేరు. పేషెంట్లే ముఖ్యం, రీసెర్చ్ అప్పుడప్పుడు చాలు అనిపిస్తే ఎండీ తీసుకో, అందులో చిన్నతనం ఏమీ లేదు. మధ్యలో ఒక ఏడాది రీసెర్చ్‌కి తీసుకునే వీలు చాలా చోట్ల ఉంది. ఎండీలో చేరాక మొదటి రెండేళ్ళలో పీహెచ్‌డీ వైపు మారనిచ్చే స్కూళ్ళూ ఉన్నాయి, నీకు సీటొచ్చిన స్కూలు అలాంటిదేమో ఈ వారమే మెయిల్ పెట్టి కనుక్కో. అలాగే ఎండీ-పీహెచ్‌డీ స్కూల్‌ని అడగాల్సింది ఒకటుంది. పీహెచ్‌డీ మధ్యలో వద్దనుకుంటే ఎండీ పూర్తి చెయ్యనిస్తారా, మిగతా ఫీజు ఎవరిది? జవాబు రాతపూర్వకంగా తీసుకో. అక్కడ ఇప్పుడు ల్యాబ్ మూడో, నాలుగో ఏడాదిలో ఉన్నవాళ్ళతో మాట్లాడు. మొదటి ఏడాది వాళ్ళని అడిగితే అంతా బాగుందంటారు, ఇంకా వాళ్ళు ల్యాబ్ కష్టం చూడలేదు. వీలైతే మధ్యలో మానేసినవాళ్ళ మాట కూడా విను. స్కూలు పేరు కన్నా నీకు దొరికే గైడ్ ఎలాంటివారన్నదే ఆ నాలుగేళ్ళనీ ఎక్కువ ప్రభావితం చేస్తుంది.

ఇంట్లో ఎలా చెప్పాలి అన్నావు. నాన్నగారితో నోబెల్ కబుర్లు చెప్పకు, ఫీజు గురించి కూడా వద్దు. ఒక కాగితం మీద రెండు దారులూ పక్కపక్కన రాసి, ఏ వయసుకి ఎక్కడుంటావో, చేతికి ఎంతొస్తుందో చూపించు, 36, 37 అన్న అంకె దాచకుండా. దాస్తే రేపు ఇంకెవరో చెబుతారు, అప్పుడు నీ మాట మీద నమ్మకం పోతుంది. పెళ్ళి సంగతి ఈ చర్చలో కలపనివ్వకు, కానీ దాన్ని కొట్టిపారేసినట్టూ మాట్లాడకు. ల్యాబ్‌లో ఉన్న ఏళ్ళలో టైమ్ రెసిడెన్సీలో కన్నా మన చేతిలో ఉంటుంది, ఆ రోజుల్లోనే పెళ్ళి చేసుకుని పిల్లల్ని కన్నవాళ్ళు చాలామంది ఉన్నారు, ఎన్‌ఐహెచ్ నిధులతో చదివేవాళ్ళకి బిడ్డ పుడితే స్టైపెండ్‌తో ఎనిమిది వారాల సెలవు కూడా ఉంది. ఇది ఆయనకి తెలిసి ఉండదు. నీకు ఎప్పుడు చేసుకోవాలనుందో నువ్వే స్పష్టంగా చెప్పు, వద్దనుకుంటే అదీ చెప్పు. అమ్మని ముందు పెట్టి మాట్లాడించకు, ఆ భారం ఆవిడ మీద వెయ్యడం న్యాయం కాదు.

నిద్ర పట్టడం లేదన్నావు కాబట్టి రాత్రి పదయ్యాక ఈ విషయం ఇంట్లో ఎవరూ ఎత్తకూడదని ఒక మాట అనుకోండి. ఏప్రిల్ 30కి వారం ముందే నిర్ణయం తీసేసుకో, చివరి రోజు టెన్షన్‌లో ఫారం నింపే పరిస్థితి తెచ్చుకోకు. ఆ స్కూలు వాళ్ళు ఏమన్నారో, నాన్నగారు కాగితం చూసి ఏమన్నారో నాకు రాయి.