ప్లగ్-ఇన్ హైబ్రిడ్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

ప్లగ్గు పెట్టి చార్జ్ చేసుకుని, గ్యాస్ (పెట్రోలు) మీద కూడా నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ బండి గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. శైలి హాయిగా ఉంది. కానీ "గాలన్‌కి 118 మైళ్లు ఇస్తోంది" అన్న చోట ఆగిపోయాను. ఆ అంకెలో గ్యాస్ లెక్క ఉంది, గోడ నుంచి లాగిన కరెంటు లెక్క లేదు. డాలస్‌లో రోజుకు 120 మైళ్లు తిరిగే మనవాడు దాన్ని నమ్మి బండి కొంటే నష్టపోతాడు.

ముందు అతని రోజును కాగితం మీద పెట్టు. టొయోటా వాళ్ల ప్లగ్-ఇన్ బండి 2023 ప్రియస్ ప్రైమ్ ఎస్ఈనే తీసుకో. ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) లెక్కన బ్యాటరీ మీద 44 మైళ్లు, ఆ తర్వాత గ్యాస్ మీద గాలన్‌కి 52. ఇంట్లో ఒక్కసారే చార్జ్ చేస్తే మిగతా 76 మైళ్లకు దాదాపు ఒకటిన్నర గాలన్లు కావాలి. ఆఫీసులో కూడా నింపుకోగలిగితే 32 మైళ్లే మిగులుతాయి, ముప్పావు గాలన్ కూడా పట్టదు. గాలన్‌కి 57 ఇచ్చే, ప్లగ్గు లేని మామూలు ప్రియస్ ఎల్ఈకి అదే దూరానికి రెండు గాలన్ల పైచిలుకు. అంటే ఇంత తిరిగేవాడిని ముందుగా అడగాల్సింది ఆఫీసులో ప్లగ్గు ఉందా అని. నీ వ్యాసంలో ఆ మాటే లేదు.

తర్వాత కరెంటు రేటు. ఈ బండికి 100 మైళ్లకు, చార్జింగ్‌లో పోయేదాంతో కలిపి, సుమారు 26.5 యూనిట్లు పడతాయి. అదే దూరానికి గ్యాస్ అయితే సుమారు 1.9 గాలన్లు, అంటే ఒక గాలన్ పని దాదాపు 14 యూనిట్లు చేస్తాయి. అందుకే గాలన్ ధరను 14తో భాగించి చూడమను. గ్యాస్ 3.20 డాలర్లుంటే 23 సెంట్లు వస్తుంది. యూనిట్ అంతకన్నా ఎక్కువైతే కరెంటు మీద నడపడమే ఖరీదు. ఈ ఒక్క లెక్క నీ వ్యాసానికి ప్రాణం.

గోడ ప్లగ్గు గురించి మాత్రం తీరిగ్గా రాయి. 120 వోల్టుల మీద బండి నిండడానికి 11 గంటలు పడుతుంది. రాత్రి ఎనిమిదికి చేరి పొద్దున ఆరుకు బయల్దేరేవాడికి అంత టైము ఎక్కడిది? 240 వోల్టులైతే నాలుగు గంటలు చాలు. పాత సాకెట్ వదులైతే పిన్నుకు పట్టు ఉండదు, పట్టు లేని చోట వేడి పుడుతుంది. పెట్టిన గంటకు ప్లగ్గు మీద చెయ్యి వేసి చూడాలి. చెయ్యి ఆనించలేనంత కాలుతున్నా, సాకెట్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా వెంటనే ఆపేసి, ఎలక్ట్రీషియన్ చేత సాకెట్ మార్పించాలి. ఎక్స్‌టెన్షన్ తీగ అసలు వద్దు.

హైవే మీద గంటకు 75 మైళ్ల వేగంతో పోతే ఆ 44 మైళ్లు రావు. అక్కడ హెచ్‌వీ మోడ్ (బ్యాటరీని ఆదా చేస్తూ మామూలు హైబ్రిడ్‌లా నడిపే పద్ధతి) నొక్కి, బ్యాటరీని ఊళ్లో సిగ్నళ్ల మధ్యకు దాచుకోవాలి. అలాగని ఇల్లు చేరేసరికి బ్యాటరీ మిగిలిపోతే ఆ మేరకు గ్యాస్ దండగ చేసినట్టే.

ఇంజిన్ ఆయిల్ మార్పు 10,000 మైళ్లకు లేదా ఏడాదికి, ఏది ముందొస్తే అది. ఇతనికి ఏడాదికి 30,000 మైళ్లవుతాయి కాబట్టి మూడుసార్లు. ఆయిల్ అక్కర్లేదేమో అనిపించేలా నువ్వు రాసిన "కరెంటు బండే కదా" అన్న వాక్యం కొట్టెయ్.

తిరగరాసేటప్పుడు మొదటి పేరాలోనే అతని ఆఫీసు దూరం, యూనిట్ రేటు, ఇంట్లో ప్లగ్గు ఎన్ని వోల్టులదో పెట్టు. అవి కనుక్కున్నాకే నాకు పంపు.

మీ అన్నయ్య