ఫోటో తీసేది ఫోటోగ్రాఫర్ కదా, మరి ఫ్యాషన్ పత్రిక ఎడిటర్ చేసేదేమిటి?
ఏ మోడల్, ఏ బట్టలు, చివరికి అచ్చయ్యే ఫోటో ఏది అన్నవి తేల్చేది ఎడిటరే. ఫ్యాషన్ పత్రిక అమెరికన్ వోగ్ 1988 నవంబరు సంచిక చూడండి. ఎడిటర్‌గా అన్నా వింటూర్ మొదటి కవర్ అది. అంతకుముందు కవర్లంటే ఎక్కువగా స్టూడియోలో దగ్గర నుంచి తీసిన ముఖాలే. ఇందులో మోడల్ మికేలా బెర్కూ వీధిలో నవ్వుతోంది, కళ్లు సగం మూసుకుపోయాయి, జుట్టు చెదిరింది. పైన రాళ్లు పొదిగిన శిలువతో డిజైనర్ క్రిస్టియాన్ లక్రువా జాకెట్, కింద మామూలు జీన్స్! నిజానికి జాకెట్‌కు జతగా స్కర్టు ఉంది, అది ఆమెకు సరిపోలేదు. ఫోటోగ్రాఫర్ పీటర్ లిండ్‌బర్గ్ ఆ ఫోటోను కవర్ కోసం తీయలేదు కూడా. ప్రింటర్లయితే పొరపాటేమోనని ఫోన్ చేసి అడిగారు. అయినా వింటూర్ దాన్నే కవర్ మీద పెట్టించింది చూడండి, నా దృష్టిలో ఎడిటర్ పనితనమంటే అదే.