నిద్రలోనూ విప్పుకోని పిడికిలి

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నాకు 53 ఏళ్లు. మా ఆయనా నేనూ టిఫిన్ బండి నడుపుతాం. తెల్లవారుజామున 4 గంటలకు లేవాలి. సాయంత్రం మళ్లీ బజ్జీలు, ఇల్లు చేరేసరికి 9 అవుతుంది. పదింటికి పడుకుంటే ఒంటిగంటన్నరకు ఠక్కున మెలకువ వచ్చేస్తుంది. ఇక ఎంత దొర్లినా కన్ను మూతపడదు. ఫోన్లో చూసి రాత్రిపూట 12 సూర్యనమస్కారాలు మొదలుపెట్టాను, మెలకువ ఇంకా ఎక్కువైంది. నిద్రలో కూడా నా కుడిచెయ్యి అట్లకాడ పట్టుకున్నట్టు బిగిసే ఉంటుందని మా అమ్మాయి అంటోంది. దిండ్లు వేసుకుని చేసే విశ్రాంతి యోగా ఉందట. నాకు పనికొస్తుందా? సామాన్లకు ఎంతవుతుంది?
- పేరు వద్దన్నారు, తెనాలి

జవాబు: చెల్లెమ్మా, మీ ఉత్తరంలో ఆ చెయ్యి మాట చదివి కాసేపు ఆగిపోయాను. మాది నర్సాపురం. మా అమ్మ లేసు అల్లేది. పగలంతా అరుగు మీద కూర్చుని అల్లి, రాత్రి దీపం దగ్గర కూడా అల్లేది. పడుకున్నాక చూస్తే బొటనవేలూ చూపుడువేలూ కలిసే ఉండేవి, మధ్యలో లేసు సూది ఉన్నట్టే. ‘నిద్ర పట్టిందే కానీ అలుపు తీరలేదే’ అని పొద్దున్నే అనేది. ఆ మాటకు అర్థం నాకు యోగా నేర్పడం మొదలుపెట్టిన చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. మనం పడుకున్నా ఒళ్లు పని మానదు. అది మానాలంటే మోయడానికి దానికి ఏమీ మిగలకూడదు. మీరు అడిగిన యోగా అంతా ఇదే.

పుణెలో బి.కె.ఎస్. అయ్యంగార్ గారు (1918-2014) జబ్బుపడ్డవాళ్లకీ, పెద్దవయసువాళ్లకీ దిండ్లు, దుప్పట్లు, కుర్చీలు ఆసరాగా పెట్టి ఆసనాలు వేయించేవారు. ఆయన దగ్గర నేర్చుకున్న జుడిత్ లాసటర్ అనే అమెరికా ఆవిడ అందులోంచి పూర్తిగా విశ్రాంతికే సరిపడే పద్ధతిని బాగా ప్రచారంలోకి తెచ్చారు. ఇందులో సాగదీయడం లేదు, చెమట లేదు. ఒక ఆసనంలో ఎక్కడైనా లాగుతున్నట్టు అనిపిస్తే అక్కడ దిండు చాలలేదన్నమాట. ఇంకొకటి పెట్టండి, ఓర్చుకోకండి. మన ఆడవాళ్లకు కష్టమంతా ఈ ఓర్చుకోకపోవడంలోనే ఉంది.

రాత్రిపూట సూర్యనమస్కారాలు ఈ రోజే ఆపేయండి. అవి మంచివే, కానీ గుండె వేగం పెంచి ఒళ్లు వేడెక్కిస్తాయి. నిద్రకు ముందు ఒళ్లు చల్లబడాలి. అంతగా ఇష్టమైతే సెలవురోజు పొద్దున చేసుకోండి. రోజంతా పెనం ముందు నిలబడే మనిషికి రాత్రి కావలసింది ఇంకో పని కాదు.

సామాన్లకు రూపాయి ఖర్చు పెట్టొద్దు. ఒక బొంత, నాలుగు దిండ్లు, రెండు దుప్పట్లు, రెండు తువ్వాళ్లు, పావుకిలో బియ్యం. బూరుగుదూది బాలీసు ఉంటే మరీ మంచిది. స్పాంజి దిండు అణిగిపోతుంది, బాలీసు నిలబడుతుంది.

ఇంటికొచ్చి గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేశాక మంచం పక్కన నేలమీద బొంత పరిచి వెల్లకిలా పడుకోండి. పిక్కలు రెండూ మంచం మీద పెట్టండి. కాళ్లు మోకాళ్ల దగ్గర మడిచి ఉండాలి. మంచం మరీ ఎత్తైతే కుర్చీ వాడండి. తలకింద దుప్పటి మడత పెట్టి, నుదురు గడ్డంకంటే కాస్త ఎత్తుగా ఉందో లేదో అమ్మాయిని చూడమనండి. గడ్డం పైకి లేచి ఉంటే మెడ బిగిసే ఉంటుంది. పొట్టమీద ఒక దుప్పటి కప్పుకోండి.

ఇప్పుడు చేతుల సంగతి. మోచేతి నుంచి మణికట్టు దాకా ఒక్కో చేతికింద ఒక్కో తువ్వాలు మడిచి పెట్టండి. అరచేయి పైకి తిప్పండి. పాత గుడ్డలో పావుకిలో బియ్యం వదులుగా మూటకట్టి కుడి అరచేతిలో పెట్టమనండి. పిడికిలి విప్పాలని మీరు ప్రయత్నించకండి. విప్పాలనుకోవడమూ పనే. ఆ బరువు దాని పని అది చేస్తుంది. ముందు చిటికెనవేలు సడలుతుంది, తర్వాత ఉంగరంవేలు. బొటనవేలు అన్నిటికంటే చివర. అది సడలేటప్పుడు భుజం కూడా నేలకు దిగుతుంది, దానివెంటే దవడ వదులవుతుంది. నేను చాలామంది చేతుల్లో ఇది చూశాను, చూసిన ప్రతిసారీ మా అమ్మే గుర్తొస్తుంది. ఆవిడ చేతిలో ఆ మూట పెట్టే రోజుకి ఆవిడ లేదు.

ఊపిరి మామూలుగా తీసుకోండి, వదిలేది మాత్రం కాస్త నెమ్మదిగా వదలండి. లోపలికి తీసుకునేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నిదానంగా కొట్టుకుంటుంది. అందుకే వదలడం పొడుగైతే ఒళ్లు కుదుటపడుతుంది. అంకెలు లెక్కపెట్టొద్దు, బండి లెక్కలు గుర్తొస్తాయి. పావుగంట చాలు. లేచేటప్పుడు కాళ్లు దించి కుడిపక్కకు ఒత్తిగిల్లి, చేత్తో నేలను నొక్కి లేవండి.

ఒంటిగంటన్నరకు మెలకువ వస్తే గడియారం చూడకండి. కాసేపటికీ నిద్ర రాకపోతే మంచం దిగి, దీపం వెయ్యకుండా ఇదే ఆసనంలోకి వెళ్లండి. నిద్ర వస్తే రానివ్వండి, రాకపోయినా ఆ సమయం దండగ కాదు.

రెండు మాటలు గట్టిగా చెప్పాలి. బజ్జీల వేళ మీరు టీ ఎన్నిసార్లు తాగుతున్నారో రాయలేదు. బండి దగ్గర ఉండేవాళ్లు తాగకుండా ఉండరు. టీలోని కెఫీన్ సగం తగ్గడానికే చాలామందికి అయిదు గంటల దాకా పడుతుంది. మూడింటి తర్వాత మానండి. అన్నం కూడా ఎనిమిదిలోపే బండి దగ్గర నాలుగు ముద్దలు తినేయండి, తిన్నవెంటనే పడుకుంటే గొంతులోకి మంట వస్తుంది. ఇక మెలకువ వచ్చేటప్పుడు ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి చెమట పడుతోందా? మీ వయసులో ముట్లు ఆగే సమయానికి అది మామూలే, స్త్రీల డాక్టరుకు చూపిస్తే తగ్గించే దారులున్నాయి. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందేమో కూడా ఇంట్లోవాళ్లను అడగండి. అదైతే దిండ్లతో పోయేది కాదు, పరీక్ష చేయించుకోవాలి. వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలుగా ఇలాగే ఉన్నా డాక్టరు దగ్గరకు వెళ్లండి. నిద్రలేమికి మాత్రలకంటే ముందు ఇవ్వవలసిన మాటల చికిత్స ఒకటుంది, దాని గురించి అడగండి.

ప్రశ్న: నేను నర్సుని, ఆరో నెల. నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటే నిద్ర పట్టడం లేదు. కాళ్లు గోడకు ఆనించి పడుకోవచ్చా?
- వరంగల్ సోదరి

జవాబు: వద్దమ్మా. ఈ నెలల్లో వెల్లకిలా ఎక్కువసేపు పడుకుంటే గర్భసంచి బరువు వెన్ను పక్కనున్న పెద్ద రక్తనాళం మీద పడుతుంది. ఎడమపక్కకు ఒత్తిగిల్లండి. మోకాళ్ల మధ్య ఒక దిండు, పొట్టకింద పలచటి మడత, వీపు వెనక బాలీసు, గుండెలకు హత్తుకోవడానికి ఇంకొకటి. పై చెయ్యి ఆ దిండుమీద ఉంటే భుజం వేలాడదు. గది చీకటి చేసి, కళ్లమీద నూలుగుడ్డ వేసుకోండి. మీ డాక్టరమ్మకు చెప్పి నెలలు నిండేదాకా నైట్లు తగ్గించమని అడగండి. ఆ అడగడానికి మొహమాటపడకండి తల్లీ, రాత్రంతా పదిమందిని కనిపెట్టుకుని ఉండే మనిషివి.

ప్రశ్న: వయసు 68. కంట్లో నీటికాసులు (గ్లకోమా) ఉన్నాయి, బీపీ మాత్ర వేసుకుంటున్నాను. నడుము ఎత్తి కాళ్లు పైకి పెట్టే విపరీతకరణి ఆసనం చేయవచ్చా? శవాసనంలో నిద్రపోతున్నాను, అది తప్పని మా మిత్రుడు అంటాడు.
- అనంతపురం పాఠకులు

జవాబు: బాబాయిగారూ, నీటికాసులు ఉన్నప్పుడు నడుము తలకంటే ఎత్తులో ఉండే ఏ ఆసనమూ వద్దు, కంటిలో ఒత్తిడి పెరుగుతుంది. కళ్లమీద బరువున్న సంచులూ పెట్టకండి. మోకాళ్లకింద బాలీసు, తలకింద దిండు పెట్టుకుని శవాసనం వేయండి.

నిద్రపోవడం గురించి: మెలకువతో ఉండటం సాధనకు మంచిదే. కానీ హఠయోగ ప్రదీపికలోనే శవాసనాన్ని ‘శ్రాంతిహరం, చిత్తవిశ్రాంతికారకం’ అన్నారు, అలసట తీర్చేదనీ మనసుకు విశ్రాంతినిచ్చేదనీ. అలసినవాడికి అందులో నిద్ర పడితే తప్పేముంది? కదలకుండా ఉంటే ఒళ్లు తొందరగా చల్లబడుతుంది. నిద్రపోతే దుప్పటి కప్పమని పిన్నిగారితో ముందే చెప్పి ఉంచండి.