పెళ్లి వయసు చూశాకే కాన్పుల లెక్క

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. “ఖర్చులు పెరిగాయి కాబట్టి పిల్లల్ని కనడం లేదు” అని మొదటి వాక్యంలోనే తేల్చేశావు. అంత తొందరెందుకు? చాలా సమాజాల్లో ఖర్చుకూ కాన్పుకూ మధ్య పెళ్లి ఉంటుంది. ముందు దాని సంగతి చూడు.

ఒక స్త్రీకి సగటున ఎంతమంది పిల్లలో చెప్పే మొత్తం సంతానోత్పత్తి రేటు ఏ ఒక్క స్త్రీ జీవితం నుంచో తీసింది కాదు. ఒకే ఏడాదిలో వేర్వేరు వయసుల స్త్రీల కాన్పుల రేట్లను కూడి వేసే ఊహాలెక్క. ఇరవై అయిదుకు కనాల్సినవాళ్లు ముప్ఫైకి వాయిదా వేస్తే, చివరికి అంతమందినే కన్నా, మధ్యలో రేటు పడిపోయినట్టే కనిపిస్తుంది. జపాన్‌లో అరవై ఏళ్లకోసారి వచ్చే ‘అగ్ని గుర్రం’ ఏడాదిలో పుట్టిన ఆడపిల్ల భర్తకు కీడని ఒక మూఢనమ్మకం. 1966 అలాంటి ఏడాదే. 1965లో 2.14 ఉన్న రేటు ఆ నమ్మకం వల్ల 1966లో 1.58కి దిగి, మరుసటి ఏడాదే 2.23కి లేచింది. ఒక్క 1966 అంకె పట్టుకుని ఆర్థిక కారణాలు వెతికితే నగుబాటే!

దక్షిణ కొరియాలో పెళ్లి కాకుండా పిల్లలు పుట్టడం అరుదు. 2023లో 0.72కి పడిన రేటు 2024లో 0.75 అయింది. ప్రభుత్వ సాయం ఫలించిందని రాయాలనిపిస్తుంది. కానీ కోవిడ్‌లో ఆగిన పెళ్లిళ్లు తర్వాత జరిగాయి. పైగా 1990ల తొలినాళ్లలో పుట్టిన కాస్త పెద్ద తరం ముప్ఫైల్లోకి వచ్చింది. ఈ రెండోది పెంచేది కాన్పుల సంఖ్యను, రేటును కాదు. ఆ తేడా నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

ఇక ఆదాయం. కూలి పెరిగితే పెళ్లిళ్లు ముందుకొస్తాయని 1798లోనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త మాల్థస్ వాదించాడు. కొత్త కాపురానికి వేరే ఇల్లు, సంపాదన కావలసిన నాటి ఇంగ్లండ్‌కు అది చాలావరకు సరిపోయింది. ఇప్పుడు స్త్రీ జీతం పెరిగితే, బిడ్డ కోసం ఉద్యోగం మానడం వల్ల పోయేదీ పెరుగుతుంది. కాబట్టి ఎవరి ఆదాయమో, స్థిరమైన ఉద్యోగమో కాదో విడదీసి రాయి.

ఆర్థిక వృద్ధి విషయంలో ఏ దశాబ్దమో చెప్పకుండా మాట్లాడకు. పుట్టుకలు తగ్గిన కొత్తలో పోషించాల్సిన పిల్లలు తగ్గి, పనిచేసే వయసువాళ్ల వాటా పెరుగుతుంది. పని దొరికితే అది లాభం. దొరకకపోతే పెళ్లిళ్లు ఇంకా వెనక్కి పోతాయి. ఆ తరం ముసలిదయ్యాక లెక్క తిరగబడుతుంది.

పట్టికలో తొలి పెళ్లి సగటు వయసు, తొలి కాన్పు సగటు వయసు చేర్చి మళ్లీ పంపు. చివరి పేరాలో యువతను స్వార్థపరులన్నావు, అది కొట్టేయి.

ఇట్లు,
బాబాయి