ఫెరారీ చూడబోయే ముందు

చిరంజీవి కిరణ్‌కి,

నువ్వు ఫెరారీ కొంటున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. 1998 ఎఫ్355 అట. అన్నయ్య గొంతులో ఒకటే టెన్షన్. నాకు మాత్రం ముందు నవ్వొచ్చింది. లెక్కల నోట్సు వెనక పేజీల్లో కార్ల బొమ్మలు గీసి తన్నులు తిన్నవాడివి, అన్నంత పనీ చేస్తున్నావు. ఫోన్ పెట్టేశాక నాకూ భయం పట్టుకుంది.

డెట్రాయిట్‌లో ఇంజన్ల మధ్యే బతికినవాణ్ని, నా ఓటు షెవర్లే వాళ్ల స్పోర్ట్స్ కారు కార్వెట్‌కేనని నీకు తెలుసు. అదే కాలంలో వచ్చిన ఐదో తరం కార్వెట్, సీ5ని చూడు: 5.7 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్, 345 హార్స్‌పవర్. నీ ఫెరారీ 3.5 లీటర్లతోనే 375 దాకా లాగుతుంది. సిలిండర్‌కి ఐదు చొప్పున 40 వాల్వులు, వాటిని తెరిచే క్యామ్‌షాఫ్టులు నాలుగు. కార్వెట్‌కి వాల్వులు 16, క్యామ్ ఒక్కటే, అదీ ఇంజన్ బ్లాకు లోపల. 1955లో షెవర్లే తెచ్చిన చిన్న వీ8 నాటి పద్ధతే. పాత చింతకాయ పచ్చడని వెక్కిరిస్తారు, వెక్కిరించనీ. దాని క్యామ్‌ని తిప్పేది చెయిన్. నీ దాంట్లో తిప్పేది రబ్బరు బెల్టు.

నా భయమంతా ఆ రబ్బరే. నాతో పనిచేసిన ఒకాయన వెనకటికి ఫెరారీ 308 కొన్నాడు. మీటర్లో మైళ్లు చాలా తక్కువ. ‘బండి అసలు తిరగలేదు’ అని మురిసిపోయాడే గానీ, ఎందుకు తిరగలేదో అడగలేదు. బెల్టు మార్చిన బిల్లు లేదు. గరాజ్‌లో ఊరికే పడున్నా ఏళ్లు గడిస్తే రబ్బరు పాడవుతుందిరా. ఫ్రీవే మీద, నడి లేన్‌లో తెగింది. ఆ ఇంజన్లో బెల్టు పోతే తెరిచి ఉన్న వాల్వులకి పిస్టన్లు వెళ్లి గుద్దుకుంటాయి. ఇంజన్ పైభాగం, అదే హెడ్, విప్పిన రోజు నేనూ వెళ్లాను. వంగిపోయిన వాల్వులు ట్రేలో వరసగా పెట్టారు, పిస్టన్ల నెత్తిన నెలవంక గాట్లు. డబ్బు సంగతి వదిలెయ్. బండి ఆగిపోయినప్పుడు పక్క సీట్లో వాళ్ల చిన్నపాప ఉంది, వెనక ట్రక్కులు. నువ్వూ మన చిట్టిని ఎక్కించుకోకుండా ఉండవుగా!

355కి బెల్టు మార్చాలంటే ఇంజన్ మొత్తం దించాల్సిందే. 1999లో వచ్చిన ఫెరారీ 360కయితే సీట్ల వెనక మూత తీసి మార్చొచ్చు. నన్నడిగితే ఇంకొంచెం పోగేసి అదే చూడు. వినవని తెలుసులే.

ఫెరారీలు విప్పి బిగించిన మెకానిక్‌కే చూపించు, అమ్మేవాడి మనిషికి కాదు. ఇన్సూరెన్స్ ముందే కనుక్కో. టైరు పక్కన చివరి నాలుగంకెలు చదువు: 2319 అంటే 2019లో 23వ వారం. పాతవైతే గాట్లు ఎంత లోతున్నా మార్పించు. ఇంధనం పైపులూ రబ్బరువే, వాసన చూడు. లోపలి బటన్లు జిగటగా ఉంటే కంగారు పడకు, ఆ కాలపు ఫెరారీల్లో అది మామూలే. కార్వెట్‌కీ రోగాలున్నాయి, ముందు లైట్లని పైకి లేపే ప్లాస్టిక్ పళ్లచక్రం అరిగి, ఒక్క లైటే లేచి ఒంటికన్నుతో చూస్తుంది. కానీ అది శనివారం మధ్యాహ్నం నువ్వే మార్చుకోవచ్చు.

8,500 ఆర్‌పీఎం దగ్గర నీ దాని మోత కార్వెట్‌కి ఈ జన్మలో రాదు, ఒప్పుకుంటాను. చూడ్డానికి వెళ్లే తేదీ చెప్పు, టికెట్ నేనే కొనుక్కుని వస్తాను. ఈలోగా బెల్టు మార్చిన బిల్లు ఫొటో పంపమని అమ్మేవాణ్ని అడుగు. లేదంటే అడ్వాన్సు ఇవ్వకు.

ఆశీస్సులతో,
బాబాయి