చెస్టర్‌ఫీల్డ్ చర్చి శిఖరం ఎందుకు మెలితిరిగింది?

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో ఉన్న సెయింట్ మేరీ అండ్ ఆల్ సెయింట్స్ చర్చి ఇది. శిఖరాన్ని కావాలనే అలా తిప్పి కట్టారా అంటే, కాదు. నిటారుగానే కట్టారు. చర్చిలో ఎక్కువ భాగం 14వ శతాబ్దపు రాతి కట్టడం. 1362 ప్రాంతంలో దాని బురుజు మీద కలపతో శిఖరం లేపారు. నేల నుంచి కొన దాకా 228 అడుగులు. ఇప్పుడది దాదాపు 45 డిగ్రీలు మెలితిరిగింది, కొన 9 అడుగులకు పైగా పక్కకు ఒరిగింది.

అసలు కారణం కలపలో ఉంది. ఆ కాలపు వడ్రంగులు పచ్చి ఓక్ కలపనే వాడేవారు, కోయడం, చెక్కడం తేలిక కాబట్టి. పచ్చి కలప ఆరేకొద్దీ కుంచించుకుపోయి వంకర తిరుగుతుంది. దాన్ని బిగించి ఉంచే అడ్డదూలాలు ఇక్కడ చాలలేదు. 1348-49 ప్లేగులో నేర్పరులైన పనివాళ్లు చనిపోవడమే ఈ లోపానికి మూలమన్న వాదన నాకు నమ్మదగినదిగానే తోస్తుంది. దానికి తోడు పైన సుమారు 33 టన్నుల సీసపు రేకుల బరువు! ఆ రేకులను చేపముల్లు వరసలో పరచడం వల్ల మెలిక కంటికి మరింత పెద్దదిగా కనిపిస్తుంది.

1961 డిసెంబరులో చర్చి లోపల మంటలు చెలరేగి పాత ఆర్గన్ (చర్చి సంగీతానికి వాడే పెద్ద వాద్యం) కాలిపోయింది. అదృష్టవశాత్తూ శిఖరం దక్కింది.